బజ్జీలు తినిపించిన 0.97: మిరపాకులతో నా అనుభవం

నిన్ననే థీసిస్‌లో మూడో చాప్టర్ గైడ్ సార్ టేబుల్ మీద పెట్టి వచ్చాను. మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

చెప్పుకోవడానికి పని చిన్నదే. మిరపాకుని హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా కింద పెట్టి, అందులో నత్రజని ఎంతుందో ఆకుని నలపకుండానే చెప్పాలి. మామూలు కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే పట్టుకుంటుంది. ఇది 400 నుంచి 1000 నానోమీటర్ల దాకా వెలుగుని వందల ముక్కలు చేసి, ఒక్కో పిక్సెల్‌కి ఏ వెలుగు ఎంత తిరిగొచ్చిందో ఒక్కో గీత గీసిస్తుంది. నాలుగు మోతాదుల యూరియాతో 60 కుండీలు, కుండీకి నాలుగాకులు. కుండీల పెంపకం హాయిగా గడిచింది. ఆకులు పైకి ముడుచుకునే పై ముడత కాస్త వచ్చింది, అంతే.

కెమెరా గదికి స్లాట్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. రిజిస్టర్ మీద ఇన్‌ఛార్జ్ సంతకం కావాలి, ఆయనేమో లంచ్ తర్వాత కనిపించరు. ఆఖరికి ఒక్క రోజు ఇచ్చారు. ఆ టెన్షన్‌లో యూరియా వెయ్యని కుండీల ఆకులు పొద్దున్నే స్కాన్ చేసి, ఎక్కువ వేసినవాటిని సాయంత్రానికి ఉంచాను. నంబర్లు వరుసగా ఉంటే కవర్లు కలిసిపోవని నా తెలివి.

తర్వాత ఆకుల్ని ఓవెన్‌లో ఎండబెట్టి, పొడి చేసి, కెల్డాల్ పద్ధతిలో నత్రజని ఎంతుందో లెక్క కట్టాను. 1883 నాటి పద్ధతి, ఇప్పటికీ దాన్నే నమ్ముతారు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికించి, క్షారం కలిపి, వచ్చిన అమ్మోనియాని బోరిక్ ఆమ్లంలోకి పట్టాలి. అందులో కలిపిన సూచిక గులాబీ రంగు నుంచి ఆకుపచ్చగా మారుతుంది. మళ్లీ చుక్క చుక్క ఆమ్లం వదులుతూ గులాబీకి తేవాలి. ఆ చివరి చుక్క దగ్గర నా చెయ్యి వణకదు, మా ల్యాబ్‌లో ఎవరినైనా అడగండి. చున్నీకి రెండు చిల్లులు పడ్డాయి, అది వేరే సంగతి.

ఇక డేటా. ఆకుకి 100 పిక్సెల్స్ చొప్పున 24,000 వరుసలు. యూట్యూబ్‌లో దొరికిన కోడ్ పెట్టి, వరుసలన్నీ కలిపేసి, 80 శాతం ట్రైనింగ్‌కి (మోడల్ నేర్చుకోవడానికి), 20 శాతం టెస్ట్‌కి విడగొట్టి పీఎల్ఎస్ మోడల్ నడిపాను. గీతల్ని చూసి నత్రజని అంచనా వేసే లెక్క అది. ఆర్ స్క్వేర్, అంటే అంచనా అసలు విలువకి ఎంత దగ్గరో చెప్పే అంకె (1 అయితే అచ్చంగా సరిపోయినట్టు), 0.97! ఆ సాయంత్రం హాస్టల్లో మా ఫ్లోర్ మొత్తానికి మిరపకాయ బజ్జీలు నా ఖర్చే.

సెమినార్‌లో బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు చెయ్యెత్తారు.

"ఏమ్మా, నత్రజని ఎన్ని శాంపిల్స్‌కి కట్టావు?"

"60 సార్. కుండీకి ఒకటి."

"మరి 24,000 ఎక్కడివి?"

"పిక్సెల్స్ సార్."

"ఒకే ఆకు పిక్సెల్స్ కొన్ని ట్రైనింగ్‌లో, కొన్ని టెస్ట్‌లో పడ్డాయా?"

నోరు పెగల్లేదు.

"అంటే పేపరు ముందే చూపించి పరీక్ష పెట్టావన్నమాట."

వెనక బెంచీలు నవ్వాయి. ఆ స్లైడ్‌ని అంతకుముందే మూడుసార్లు చూసి "బాగుందమ్మా" అన్న మా గైడ్ సార్ ఫోన్‌లోకి తల దించేశారు. అది మాత్రం మర్చిపోను.

ఆ రాత్రే ఒక కుండీ ఆకులన్నీ ఒకవైపే ఉండేలా విడగొట్టి మళ్లీ నడిపాను. 0.88. పర్లేదు, పరువు దక్కింది అనుకున్నా. మోడల్ ఏ తరంగాల మీద ఆధారపడిందో గ్రాఫ్ వేసి చూద్దును కదా, 970 నానోమీటర్ల దగ్గర పెద్ద గుట్ట! ఈ కెమెరాకి నత్రజని నేరుగా కనిపించదు, క్లోరోఫిల్‌ని బట్టి ఊహించాలి. అలాంటప్పుడు గుట్ట 700 చుట్టుపక్కల ఉండాలి. 970 దగ్గర వెలుగుని పీల్చేది నీళ్లు. అర్ధరాత్రి రెండింటికి వెలిగింది: యూరియా ఎక్కువ వేసిన ఆకులు సాయంత్రం దాకా కవర్లలో వాడిపోయాయి. నా మోడల్ కనిపెట్టింది ఆకులోని నత్రజనిని కాదు, ఆకు వాడిందా లేదా అని.

"రాసెయ్యమ్మా, ఎవరు చూస్తారు" అన్నారు సార్. నేను ఒప్పుకోలేదు. ఇలా ఎవరూ చూడరనుకుని రాసినవి ఎన్ని ఉన్నాయో! కుండీల నంబర్లు చీటీల మీద రాసి, గిన్నెలో కలిపి, ఏ చీటీ వస్తే ఆ కుండీ ఆకులు అప్పటికప్పుడు కోసుకొచ్చి స్కాన్ చేశాను. లైట్లు అరగంట ముందే వేసి ఉంచాను, పది స్కాన్లకోసారి తెల్ల పలక (పూర్తి తెలుపు ఎంతో కెమెరాకి చూపించే కొలబద్ద) చదివించాను. కెల్డాల్ కూడా మొత్తం మళ్లీ. ఈసారి 0.66 వచ్చింది, గుట్ట ఉండాల్సిన చోటే ఉంది.

ఈ పనికి దిగేవాళ్లు పిక్సెల్స్ లెక్కపెట్టుకోకండి, ల్యాబ్‌లో కట్టిన విలువలు లెక్కపెట్టుకోండి. స్లాట్ కోసం పొద్దున్నే వెళ్లండి. తెల్ల పలక పెట్టె తెరిచి చూసుకోండి. మా గదిలో దాని మూల ఎవరిదో పసుపు వేలిముద్ర ఉంది. పసుపు పొడి స్కాన్ చేసింది ఎవరని అడిగితే, ఆ పేజీలో ఎవరి పేరూ లేదన్నారు ఇన్‌ఛార్జ్ గారు.