చవుడు మిద్దె కింద మే నెల

మే నెలలో సెలవు పెట్టి కర్నూలు వైపు వెళ్తున్నానంటే ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "ఈ ఎండల్లో అటెవరైనా పోతారా? ఊటీ పోవచ్చు కదా!" ఊటీకి పోవాలంటే డబ్బులుండాలి. మా చిన్నమ్మ వాళ్ళ ఊరికైతే రైలు టికెట్టు, కాసింత ఓపిక ఉంటే చాలు. పాపకు ఎలాగూ సెలవులే. కాచిగూడలో రాత్రి రైలెక్కి డోన్‌లో దిగాం. అక్కడ గుంటూరు వైపు పోయే బండి పట్టుకుంటే తర్వాతి పెద్ద స్టేషను బేతంచెర్ల. ఆ ఊరు వస్తోందని బోర్డు చూడకుండానే తెలిసిపోతుంది. రోడ్డు పక్కన నిలువుగా పేర్చిన నాపబండలు, పాలిష్ ఫ్యాక్టరీల రొద, బండలు కోసిన నీళ్ళు ఎండి చెట్ల ఆకుల మీద తెల్లటి పొర. మా చిన్నాయన పనిచేసేది అలాంటి ఫ్యాక్టరీలోనే. ఆయన ఎండాకాలంలో తెల్లవారుజామునే టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్ళిపోతాడు.

ఇల్లు చవుడు మిద్దె. రాతిగోడలు మూరెడు మందం పైనే ఉంటాయి. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆపైన బండలు, మట్టి, అన్నిటికీ మీద చవుడు. చవుడు అంటే పంట పండని ఉప్పు నేల మట్టి. చేలో ఉంటే దాన్ని తిట్టుకుంటారు, మిద్దె మీదికి మాత్రం బండి కట్టి మరీ తోలుకొస్తారు. తడిస్తే ఉబ్బి, సందులన్నీ పూడ్చుకుని, వాననీళ్ళను కిందికి దిగనివ్వదు. ఏటా వానల ముందు కొత్త పొర వేయాలి. "ఇప్పుడే వేయించొచ్చు కదా, మనుషులు ఖాళీగానే ఉన్నారు" అన్నాను. "కర్తరిలో మన్ను తవ్వుతారా ఎవరన్నా? కర్తరి పోనీ" అంది చిన్నమ్మ. మే నెలలో ఎండలు మండిపోయే రోజుల్నే కర్తరి అంటారు. ఫోన్‌లో 43 డిగ్రీలు చూపిస్తున్న మధ్యాహ్నం కూడా నడింట్లో బండల మీద వెల్లకిలా పడుకుంటే వీపుకు చల్లగా తగిలేది. మిద్దెలో ఉన్న గవాచి, అంటే వెలుతురు కంత, నుంచి గుండ్రటి ఎండ నేల మీద పడి మెల్లగా జరుగుతూ ఉంటుంది. మా పాప ఆ వెలుగు చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసి గడియారం చేసుకుంది.

ఆ ఇంట్లో పొయ్యి పని పొద్దెక్కక ముందే అయిపోతుంది. పాచి ముఖాలతో మేం లేచేసరికి జొన్నరొట్టెల చప్పుడు వినిపించేది. మసిలే నీళ్ళు పోసి కలిపిన జొన్నపిండిని బండ మీద అరచేత్తో తట్టి తిప్పుతుంటే రొట్టె దానంతట అదే పెద్దదవుతుంది. పెనం మీద వేశాక పైవైపు తడిచేత్తో రాయాలి, లేకపోతే పగిలిపోతుంది. పొద్దున నాలుగు తిన్నాక మిగిలినవి గుడ్డలో చుట్టి పెడతారు. పల్చటి రొట్టెలు ఆ ఎండలకు అప్పడాల్లా గట్టిపడితే బుడ్డల పొడితో కొరుక్కుని తినొచ్చు. బుడ్డలంటే వేరుశనక్కాయలు. హైదరాబాద్‌లో పల్లీలు, ఇక్కడ బుడ్డలు.

మాకు మాత్రం పొద్దున సంగటే కావాలి. రాత్రి చేసిన రాగిసంగటి ముద్దల్ని కుండలో నీళ్ళు పోసి ఉంచుతారు. పొద్దున్నే ఆ నీళ్ళల్లోనే ముద్ద పిసికి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఎర్రగడ్డ, అంటే ఉల్లిగడ్డ, కొరుక్కుంటూ తాగాలి. మొదటి రోజు మా పాప మొహం పక్కకు తిప్పింది. తర్వాత ఎర్రగడ్డకు బదులు ఊరమిరపకాయ వేయించి ఇస్తే గిన్నె ఖాళీ చేసింది. మధ్యాహ్నానికి అన్నం, చింతచిగురు పప్పు, మజ్జిగ. ఊరి చివర చింతచెట్టుకు ఇంకా లేతచిగురు ఉంది. ఇద్దరం వెళ్ళి కొంగులో కోసుకొచ్చాం, కూరకు పైసా ఖర్చు లేదు. చిగురును అరచేతుల మధ్య నలిపి ఈనెలు తీసేసి పప్పులో వేస్తే ఇక చింతపండుతో పనే లేదు.

ఆ ఊరమిరపకాయల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేనున్న రోజుల్లో ఆ ఇల్లంతా వాటి చుట్టూనే తిరిగింది. కాస్త పొట్టిగా, లావుగా ఉన్న పచ్చిమిరపకాయలు ఏరి, తొడిమలు తీయకుండా, కింద కొనదగ్గర చిన్న గాటు పెట్టాలి. గాటు ఎక్కువైతే గింజలన్నీ కుండ పాలవుతాయి. బాగా పులిసిన మజ్జిగలో ఉప్పు కలిపి అందులో నానబెట్టాలి. మర్నాడు పొద్దున తీసి మిద్దె మీద ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయాలి. ఇలా మజ్జిగంతా కాయలు పీల్చేసుకునే దాకా రోజూ మిద్దె ఎక్కడం, దిగడం. ఆకుపచ్చ రంగు పోయి, లేత పసుపుకు తిరిగి, చివరికి ఎండుటాకులా గలగలమంటాయి. వాటి పక్కనే చీర మీద బియ్యప్పిండి వడియాలు. ఆ పక్కన ఇంకో చీర, దాని మీద అల్లం దంచి పెట్టిన సగ్గుబియ్యం వడియాలు. మిద్దె మీద కాలు పెట్టడానికి చోటుండదు. ఎండను తిట్టుకుంటూ మనం కర్టెన్లు వేసుకుంటాం. మా చిన్నమ్మ మాత్రం కూలికొచ్చిన మనిషిని ఖాళీగా కూర్చోబెట్టినట్టు, ఎండ ఒక్కపూట వృథాగా పోతే నొచ్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు ఆమె మొహం చూడాల్సిందే.

అవ్వ, అంటే చిన్నమ్మ అత్తగారు, వసారాలో చింతపండు కొడుతూ ఉండేది. పెంకు తీసి, పీచు లాగి, చిన్న సుత్తితో గింజ రాల్చి ఒకపక్క వేస్తుంది. సగం ఇంటికి, సగం అమ్మకానికి. గింజలు కూడా పారేయరు, కొనేవాళ్ళు వస్తారట. చింతపండుకు ఉప్పు చల్లి కుండలో దట్టిస్తే ఏడాదికి సరిపడా ఉంటుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉంది. తలుపు తీస్తే కింద అర నిండా చింతపండు, పై అరలో కారప్పొడి డబ్బా. పురుగు పట్టదు, నలుపెక్కదు అని అక్కడ పెట్టారు. చల్లటి నీళ్ళ కోసం మాత్రం కిటికీ పక్కన తడిగుడ్డ చుట్టిన కుండే.

నీళ్ళ లెక్క వేరే. కొళాయి రోజూ రాదు. వచ్చిన పూట ఇంట్లో ఉన్న బిందె, బకెట్టు, అండా అన్నీ నిండాలి. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు కుడితి. స్నానం నీళ్ళు కాలవ కట్టి మునగచెట్టుకు. అంట్లు తోమేటప్పుడు చిన్నమ్మ ముందు బూడిదతో పొడిగానే రుద్దేసి, ఆఖరున చెంబెడు నీళ్ళతో కడుగుతుంది.

ఇదంతా ఎంత హాయి అనుకుంటారేమో. హాయి కూర్చుని తినే నాలాంటి వాళ్ళకు. చిన్నమ్మ నడుం వాల్చేది మధ్యాహ్నం కాసేపే, అప్పుడు కూడా చెవి మిద్దె మీదే, కాకులు వడియాలు ఎత్తుకుపోతాయని. "కూలర్ కొనియ్యమని మీ చిన్నాయనకు నువ్వన్నా చెప్పు" అంది ఒక రాత్రి. చెప్పాను. "దానికి నీళ్ళెవరు పోయాల?" అన్నాడాయన. అదీ నిజమే.

సాయంత్రం కాగానే మిద్దె మీద ఆరినవన్నీ దించి, నీళ్ళు చిలకరించి, బొంతలు పరుచుకుని పడుకునేవాళ్ళం. మట్టి కదా, తొందరగా చల్లబడుతుంది. పక్కింటి వాళ్ళూ మిద్దె మీదే. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు పుట్టింటి నుంచి ఇంకా రాలేదు, అన్నీ ఆ మిద్దె మీంచి ఈ మిద్దె మీదికి వచ్చేస్తాయి.

తిరుగు ప్రయాణానికి ముందు అందరం యాగంటి వెళ్ళాం, ఎర్రగడ్డ కారం పూసి చుట్టిన రొట్టెలు, క్యాను నిండా మజ్జిగ పట్టుకుని. చుట్టూ రాళ్ళు కాలిపోతుంటే కోనేట్లో నీళ్ళు మాత్రం నిండుగా, చల్లగా ఉన్నాయి. కొండలోంచి వచ్చే ఆ ధార ఏ కాలంలోనూ ఆగదంటారు. అగస్త్యుడి శాపం వల్ల అక్కడికి కాకులు రావని స్థలపురాణం. "మన మిద్దెకు కూడా ఆ శాపం పెట్టించుకుందాం" అంది చిన్నమ్మ.

వచ్చేటప్పుడు బనగానపల్లెలో దిగాం. ఆ ఊరి పేరు మోసే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇంత దూరం వచ్చి ఆ పండు తినకుండా పోతామా? బండి దగ్గర ఒకావిడను "ఈ ఊరి తోటవేనా?" అని అడిగాను. "కోడూరువమ్మా" అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా. అయినా రెండు కేజీలు తీసుకున్నాను. చిన్నమ్మ వాటి వైపు చూడలేదు. బండి కింద గోతంలో గాలికి రాలిన పచ్చికాయలు కనిపెట్టి, బేరమాడి, గోతంతో సహా కొనేసింది. "అవెందుకు చిన్నమ్మా, సగం దెబ్బతిన్నవే కదా" అన్నాను.

"ఒరుగులు పెడతా. ఇంకా పదైదు దినాలు ఎండుండాది కదా" అంటూ గోతం నా చేతికిచ్చి బస్సెక్కింది.