హెడ్‌సెట్ మైకులో రాత్రిపూట జరజర: ఆరో వారం

నిన్న రాత్రి పదిన్నర దాటిన తరువాత నా హెడ్‌సెట్ మైకులో జరజర ఆగిపోయింది. ఆరు వారాలుగా నేను చదివి చేసే ప్రతి రికార్డింగును పాడుచేస్తూ వచ్చిన ఆ శబ్దం ఎక్కడ పుడుతున్నదో తెలిసిన సంతోషం ఇంకా తగ్గలేదు. కొలతలు రాసుకున్న కాగితం పోకముందే అన్నీ ఇక్కడ నమోదు చేస్తున్నాను.

జరజరతో పాటు ఉన్న కూతనూ, బుసనూ తగ్గించడానికి గతసారి అనుకున్న రెండు పనులూ ఫలించాయి. మైకు పిన్నును కంప్యూటర్ క్యాబినెట్ ముందువైపు నుంచి వెనుకనున్న గులాబీ రంగు సాకెట్‌కు మార్చగానే 1000 హెర్ట్జ్ దగ్గర వినిపించే సన్నని కూత పోయింది. మైకు శబ్దాన్ని పెంచే బూస్టును 30 డెసిబెల్స్ నుంచి 10కి దించి, మైకును నోటికి మూడు వేళ్ల దూరానికి తెచ్చుకోవడంతో బుస కూడా బాగా తగ్గింది.

మిగిలింది జరజర ఒక్కటే. మూత పెట్టిన రేకు డబ్బాలో కందిరీగ తిరుగుతున్నట్టు ఉండే ఈ రొద రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలై తెల్లవారుజామున ఆగిపోయేది. హనుమకొండలో మేముండే నయీంనగర్ గల్లీలో పగలంతా బండ్ల హారన్లు మోగుతూనే ఉంటాయి కనుక నేను రికార్డు చేయగలిగేది రాత్రిపూటే. పరీక్షకు నేను ప్రతిసారీ పది సెకన్ల మౌనం, ఆ తరువాత "రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడిని నిర్మించాడు" అనే ఒకే వాక్యం రికార్డు చేస్తాను. నా గొంతు సగటున మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది (సున్నా అంటే రికార్డింగులో పట్టే గరిష్ఠ శబ్దం, మైనస్ అంకె పెరిగేకొద్దీ శబ్దం తక్కువ). ఆ మౌనం మధ్యాహ్నం మైనస్ 58 ఉంటే రాత్రి మైనస్ 44కు చేరేది. మాటకూ రొదకూ మధ్య 24 డెసిబెల్సే ఉంటే, వాక్యానికీ వాక్యానికీ నడుమ విరామం వచ్చినప్పుడల్లా కందిరీగ స్పష్టంగా వినబడుతుంది. నాయిస్ రిడక్షన్‌తో తుడిచేయవచ్చని చాలామంది అంటారు. నేను వాడే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సాధనం మంచిదే, నేనూ బుసకు వాడతాను. కానీ ఇంత రొదను దానితో తీసేస్తే "ర", "ళ" వంటి అక్షరాలు నీళ్లలోంచి పలికినట్టు తయారవుతాయి. రొదను పుట్టిన చోటే ఆపాలన్నది నా పట్టుదల.

మొదటి అనుమానం హెడ్‌సెట్ మీదనే కలిగింది. మిత్రుడి దగ్గర బోయా బీవై ఎం1 కాలర్ మైకు తెచ్చి అదే సాకెట్‌లో పెడితే రాత్రి మైనస్ 46 వచ్చింది. ఆ ధరకు అంత చక్కగా మాట పట్టే మైకును నేను చూడలేదు, అయినా జరజర దానిలోనూ ఉన్నది కనుక హెడ్‌సెట్ తప్పేమీ లేదని తేలిపోయింది. తరువాత హెడ్‌సెట్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి చూశాను. బ్యాటరీ మీద నడిచేటప్పుడు మైనస్ 61 ఉన్న మౌనం, చార్జర్ పెట్టిన మరుక్షణం మైనస్ 49కి వచ్చింది. అంటే రొద కరెంటు తీగల వెంట వస్తున్నది.

ఇక్కడే నేను వారం రోజులు తప్పుదారిలో నడిచాను. మల్టీమీటరుతో కొలిస్తే మధ్యాహ్నం 214 వోల్టులు, రాత్రి 238 వోల్టులు చూపింది. రాత్రిపూట పెరిగిన వోల్టేజీకి కంప్యూటర్ పవర్ సప్లై తట్టుకోలేక రొద చేస్తున్నదని నమ్మి, ఫ్రిజ్‌కు ఉన్న స్టెబిలైజరును తెచ్చి మధ్యలో పెట్టాను. వోల్టేజీ 222కు దిగింది, రొద మాత్రం అర డెసిబెల్ కూడా దిగలేదు. ఇన్వర్టరు, వైఫై రౌటరు, ట్యూబులైటు, ఫోను చార్జర్లు ఒక్కొక్కటిగా తీసి చూసినా తేడా కనిపించలేదు. నా గదిలో ఫ్యాను గాలి మైకుకు తగులుతుందని రికార్డింగ్ సమయంలో ఎలాగూ ఆపేస్తాను.

నాలుగో వారంలో అనుకోకుండా ఒక ఆధారం దొరికింది. రికార్డింగ్ నడుస్తుండగా క్యాబినెట్ రేకు మీద చెయ్యి ఆనించగానే రొద దాదాపు ఆరు డెసిబెల్స్ తగ్గింది, చెయ్యి తీస్తే మళ్లీ పెరిగింది. ఎర్త్ సరిగా లేదేమోనని మూడు పిన్నుల సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 46 వోల్టులు కనిపించాయి. అది ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మీటరు ఎక్కువ చూపితే సాకెట్ విప్పడానికి ఎవరూ సాహసించవద్దు, ఎందుకంటే అలాంటి ఇంట్లో గీజరు, గ్రైండరు బాడీలకు కూడా కరెంటు తగిలే ప్రమాదం ఉంటుంది. నేనూ ఎలక్ట్రీషియన్ అన్నను పిలిపించాను. ఆయన పెరట్లోకి పోయి, ఎర్త్ తీగను భూమిలోకి దించిన గుంతను చూసి అడిగిన మొదటి మాట, "గీ గుంతల నీళ్లు పోశి ఎన్నేండ్లయింది సార్?"

మా హనుమకొండ నేల కింద ఎక్కడ చూసినా నల్లరాయే. ఎండాకాలంలో పైనున్న కాస్త మట్టి కూడా ఎండిపోతే ఎర్త్ గుంత పనిచేయదు. రెండు బకెట్ల నీళ్లు పోయగానే 46 వోల్టులు 19కి దిగాయి. మరునాడు ఆయన మెయిన్ ఆపి, తుప్పుపట్టి పొడిపొడిగా రాలుతున్న క్లాంపును, జింకు పూత ఉన్న ఇనుప (జీఐ) తీగను మార్చి, గుంతలో కొత్తగా బొగ్గు, ఉప్పు వేశాడు. ఇప్పుడు 1.8 వోల్టులే ఉన్నది. మధ్యాహ్నపు మౌనం మైనస్ 64కు, రాత్రి మౌనం మైనస్ 51కి చేరాయి. లాభం పెద్దదే, కానీ పగటికీ రాత్రికీ మధ్య 13 డెసిబెల్స్ తేడా అలాగే నిలిచి ఉండడం నన్ను నిద్రపోనివ్వలేదు.

పోయిన వారం మా అమ్మ బంధువుల పెళ్లి ఉన్నదని పరకాలకు వెళ్లింది. ఆ మూడు రాత్రులూ జరజర రాలేదు. ఎర్త్ తడి బాగా పట్టిందేమోనని అనుకున్నాను. అమ్మ తిరిగి వచ్చిన రాత్రి అది మళ్లీ మొదలైంది. అప్పుడు మాత్రమే నేను మొదటి రోజే చేయవలసిన పని చేశాను: రొదను ఆడాసిటీలో బాగా పెద్దది చేసి చూశాను. గీతలో సన్నని ముళ్లు, సరిగ్గా 10 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, అంటే సెకనుకు 100 వరకు ఉన్నాయి. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉన్నదో చూపే స్పెక్ట్రమ్‌లో 50 హెర్ట్జ్ దగ్గర చిన్న గుట్ట మాత్రమే ఉండగా 100, 200, 300 అంటూ పైపైకి వరుసగా గోడలు లేచాయి. ఎర్త్ లోపంతో వచ్చే మామూలు గుయ్‌మనే రొద (హమ్) అయితే 50 దగ్గర బలంగా ఉండాలి. మన కరెంటులో సెకనుకు 50 తరంగాలు, అంటే 100 అరతరంగాలు ఉంటాయి కనుక, ఒక్కో అరతరంగానికి ఒక్కసారి కరెంటును తటాలున కలిపే వస్తువు ఇంట్లో ఏదో ఉన్నదని ఆ ముళ్లు చెబుతున్నాయి.

ఆ వస్తువు పక్క గదిలో అమ్మ మంచం పైనున్న ఫ్యాను రెగ్యులేటరు. పగలు ఫ్యాను ఫుల్లు మీద తిరుగుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు "సలి పెడ్తుంది బిడ్డా" అని అమ్మ దాన్ని సగానికి తగ్గిస్తుంది. అది గుండ్రంగా తిప్పే పాత రకం, లోపల ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. సగం వేగంలో ట్రయాక్ కరెంటును దాదాపు తరంగం శిఖరం దగ్గర ఆన్ చేస్తుంది కనుక ముల్లు అప్పుడే అన్నిటికన్నా పెద్దది. ఫుల్లు మీద తరంగం సున్నా దాటగానే ఆన్ అవుతుంది కాబట్టి ముల్లు దాదాపు ఉండదు. రెండు గదులకూ ఒకటే సర్క్యూట్. ముల్లు తీగల వెంట పవర్ సప్లైలోకి, అక్కడి కెపాసిటర్ల గుండా క్యాబినెట్‌కూ, సౌండ్ సర్క్యూట్ గ్రౌండ్‌కూ ఎక్కుతున్నదనీ, రెండు మీటర్ల హెడ్‌సెట్ తీగ కూడా కొంత పట్టుకుంటున్నదనీ నా అంచనా. ఎర్త్ చెడిపోయి ఉన్నన్నాళ్లూ ఆ ముళ్లకు దిగిపోయే దారి లేదు.

నిన్న సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో ట్రయాక్ లేని, కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటరు కొన్నాను. ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి పది నిమిషాల్లో బిగించాడు. ఫ్యాను మూడు మీద తిరుగుతుండగా రాత్రి మౌనం మైనస్ 65. గుండ్రని రకంలో వేగాన్ని మనకు నచ్చినంత సన్నగా సర్దుకోవచ్చన్న మాట నిజమే అయినా, మైకు ఉన్న ఇంట్లో దానిని ఉంచకూడదన్నది నా అభిప్రాయం.

ఇక మా హాలులోనూ అలాంటి రెగ్యులేటరే ఒకటి ఉన్నది. దానిని మార్చేముందు అదే ఫ్యానును ఒకటి నుంచి ఫుల్లు వరకు పెంచుతూ ఒక్కో వేగానికి మౌనం కొలిచి, ముల్లు ఎత్తు ఎలా మారుతుందో గీత గీయాలని ఉన్నది. ఆ పైన చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ఒకటి తెచ్చి వెనుక సాకెట్‌తో పోల్చాలి. వచ్చే వారం మాత్రం ముందుగా నేను రికార్డు చేస్తున్న రామప్ప గుడి భాగాన్ని మొదటి వాక్యం నుంచి మళ్లీ చదవాలి, ఎందుకంటే పాత రికార్డింగులు ఏడింటిలోనూ కందిరీగ ఉన్నది.