శాంపిల్ భోపాల్ వెళ్లొచ్చేదాకా

పందులు పెంచేవాళ్లలో జబ్బు సంగతి బయటపెట్టడానికి జంకేవాళ్లే ఎక్కువ. ఆ భయం ఎక్కడిదో నాకు బాగా తెలుసు. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2022 జులైకి కేరళలోని వయనాడ్ దాకా వచ్చింది. ఆ జబ్బు తేలితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న పందులన్నిటినీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టాలి. మన దేశంలో దానికి టీకా లేదు, మందు లేదు. అందుకే ఆ తర్వాతి వానల్లో మా షెడ్డులో పాలు మరిచిన పిల్లలు మేత మానేసి, ఒకదాని మీద ఒకటి పడి పోగుగా పడుకోవడం చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

మాది కృష్ణా జిల్లా. సీమ పందులు పెంచుతాం. పిల్లలు నడుస్తుంటే వెనక కాళ్లు తూలుతున్నాయి, చెవులు ఎర్రబడి అంచులు నల్లగా మారుతున్నాయి. రెండు చచ్చిపోయాయి. మా దగ్గర కొనే వ్యాపారి "రాత్రికి రాత్రి పూడ్చెయ్, మిగిలినవి నాకిచ్చెయ్, ఎవరికీ చెప్పకు" అన్నాడు. నేను పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను.

ఆయన వచ్చీ రాగానే చెప్పిన మాట ఇది: మనకు ఎప్పటినుంచో ఉన్న క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కీ, కొత్తగా వచ్చిన ఆఫ్రికన్ జ్వరానికీ పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. రెండిట్లోనూ జ్వరం, ఎర్రమచ్చలు, వరసగా చావులు. వైరస్‌లు మాత్రం వేరు. మొదటిదానికి మన దగ్గర టీకా ఉంది, రెండోదానికి లేదు. ఏది వచ్చిందో తేల్చగలిగేది లేబొరేటరీ పరీక్షే. "కళ్లతో చూసి చెప్పేవాణ్ని నమ్మొద్దు, నన్ను కూడా" అన్నారు.

రక్తం తియ్యడం దగ్గరుండి చూశాను. జ్వరంగా ఉన్న పెద్ద పంది పై దవడకు, కోరల వెనక, తాడు ఉచ్చు వేసి ముందుకు లాగి పట్టుకోవాలి. అది వెనక్కి గుంజుకుంటుంది, తల పైకెత్తి కదలకుండా నిలబడిపోతుంది. అరుపు మాత్రం ఊరంతా వినిపిస్తుంది. డాక్టరుగారు మెడ కుడివైపు రక్తనాళంలోకి పొడుగు సూది దింపారు. ఎడమవైపు ఎందుకు కాదంటే, అటు ముఖ్యమైన నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువట. ఊదారంగు మూత గొట్టంలో పోసిన రక్తాన్ని గడ్డకట్టకుండా మెల్లగా తిప్పారు. ఎర్రమూత గొట్టాన్ని ఏటవాలుగా నిలబెట్టి గడ్డకట్టనిచ్చారు, దానిమీద తేరుకునే సీరం కోసం. పైకి బాగానే ఉన్నవాటి దగ్గరా కొన్ని శాంపిళ్లు తీశారు. చచ్చిన పిల్లకు మొత్తం కోత పెట్టలేదు. ఆఫ్రికన్ జ్వరమే అయితే కారిన రక్తం నేలంతా వైరస్ అంటిస్తుంది కాబట్టి ప్లీహం, టాన్సిల్, లింఫు గ్రంథి ముక్కలు మాత్రం వేర్వేరు డబ్బాల్లో తీసుకుని, కళేబరాన్ని లోతు గోతిలో సున్నం చల్లి పూడ్పించారు. ఆ ముక్కలు ఫార్మాలిన్‌లో వెయ్యకూడదు, వైరస్ జన్యువును పట్టుకునే పీసీఆర్ పరీక్షకు పనికిరావు. డబ్బాను ఇంకో డబ్బాలో, దాన్ని పెట్టెలో పెట్టి, చుట్టూ ఐస్. భోపాల్‌లోని జాతీయ లేబొరేటరీకి వెళ్లేవాటికి ఫారం నింపేటప్పుడు ఆయన గట్టిగా అడిగింది టీకా తేదీలు. టీకా వేసిన పంది రక్తంలోనూ యాంటీబాడీలు ఉంటాయి. అవి టీకావో, జబ్బువో మామూలు సీరం పరీక్షతో తేలదు. అందుకే తేదీ రాసిన రిజిస్టరు లేకపోతే ఆ ఫలితానికి అర్థం చెప్పడం కష్టం.

ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు నరకం. అమ్మకం బంద్. గేటు దగ్గర బ్లీచింగ్ నీళ్ల తొట్టి, షెడ్డులోకి వెళ్లడానికి వేరే చెప్పులు. పనివాళ్ల ఇళ్లలో పందులుంటే వాళ్లను రావద్దన్నాం, కూలి మాత్రం ఇచ్చాం. హోటల్ మిగుళ్లు పూర్తిగా ఆపేసి తవుడు, మొక్కజొన్న మీదే నడిపాం. ఆఫ్రికన్ వైరస్ పంది మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. మిగుళ్లలో ఒక్క ముక్క ఉన్నా చాలు. తొంభై డిగ్రీల వేడిలో గంటసేపు కలుపుతూ ఉడికిస్తేనే భద్రమట. అంత కట్టెలూ అంత ఓపికా ఉన్న ఫారం నేనింతవరకు చూడలేదు. ఊళ్లోవాళ్లు మాత్రం "మనుషులకు అంటుతుందా" అని గేటు దగ్గర ఆగి అడిగేవాళ్లు. ఈ రెండు జ్వరాలూ మనుషులకు రావు. స్వైన్ ఫ్లూ వేరే జబ్బు. ఎన్నిసార్లు చెప్పానో!

ఫలితం వచ్చింది. ఆఫ్రికన్ నెగటివ్, క్లాసికల్ పాజిటివ్. జబ్బు పట్టింది ఎక్కువగా టీకా వంతు ఇంకా రాని పిల్లలకే. జబ్బు పడ్డవాటిని వేరు చేసి, బాగున్నవాటికి ఒక్కోదానికి ఒక్కో సూదితో టీకా వేశారు. ఇంకొన్ని పిల్లలు పోయాయి, తల్లులు నిలిచాయి. ఆ తర్వాత మళ్లీ వచ్చి సీరం తీసుకెళ్లారు, టీకా పట్టిందో లేదో చూడటానికి. ఇప్పుడు ప్రతి పందికీ చెవిపోగు, నంబరు, టీకా తేదీ ఉన్నాయి. కొత్తగా కొన్నవి నెల రోజులు వేరే పాకలో ఉంటాయి.

మొన్న పక్క మండలం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మా షెడ్డులో ఒకటి చచ్చింది, చెవులు నల్లబడ్డాయి" అన్నాడు. పూడ్చేశావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. అలాగే ఉంచి డాక్టరుగారికి ఫోన్ చెయ్యమన్నాను, వ్యాపారి బండిని గేటు లోపలికి రానివ్వొద్దన్నాను.