అయిదింటి పొయ్యి

ఆదివారం, దవావో, ఫిలిప్పీన్స్.

రేపు మెడిసిన్‌లో న్యూరో అనాటమీ పరీక్ష, మెదడు, నరాల నిర్మాణం మీద. చదువుకుందామని తెల్లవారుజామున అయిదింటికే లేచాను. గాలి కోసం కిటికీ తీస్తే కింద పెరట్లో పొయ్యి వెలుగుతోంది. ఇంటి ఓనరుగారు బులాద్ వేయిస్తున్నారు. ఆవిడని మేమంతా నానాయ్ అని పిలుస్తాం, అమ్మా అన్నట్టు. బులాద్ అంటే ఎండుచేప, మనీలా వైపు దాన్నే తుయో అంటారు. వెల్లుల్లి కూడా వేగుతోందేమో, ఆ రెండు వాసనలూ కలిసి పైకొచ్చేసరికి కడుపులో ఆకలి కదిలింది. పుస్తకం మూసి కిందికి దిగాను.

ఇక్కడ చాలా ఇళ్ళకి రెండు వంటగదులుంటాయి. లోపలిది గ్యాస్ స్టవ్‌తో శుభ్రంగా ఉంటుంది. పెరట్లో రేకుల కింద ఉండేదాన్ని వాళ్ళే డర్టీ కిచెన్ అంటారు. పొగ వచ్చేవీ, నూనె చిందేవీ, వాసన వచ్చేవీ అన్నీ అక్కడే. మా అమ్మమ్మ వాళ్ళ పెరటి పొయ్యి లాంటిదే.

నానాయ్ బాణలి ముందు నిలబడి ఉంది. బెత్తెడు పొడవున్న తంబాన్ చేపలు, మన కవళ్ళ లాంటివి. కొబ్బరినూనెలో వేయగానే అంచులు వంకర తిరుగుతాయి, కళ్ళు తెల్లబడతాయి. ఒక్క నిమిషం ఏమరితే మాడిపోతాయి, అందుకని పట్టకారు చేతిలోంచి వదలదు. పొయ్యికీ మా కిటికీకీ మధ్య తీగ మీద తడి దుప్పటి ఒకటి వేలాడుతోంది. రోజూ చూసే దుప్పటే. ఉతికి ఆరేసిందనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

“ఇంత పొద్దున్నే ఎందుకు నానాయ్?” అన్నాను.

“మీరు లేచేలోపు అయిపోవాలి కదా. మీరే చెప్పారుగా, డిసెంబర్లో.”

మామూలుగానే చెప్పింది. చెబుతూ ఆ దుప్పటి కొంచెం సర్దింది, మా కిటికీ పూర్తిగా చాటయ్యేలా.

డిసెంబర్లో ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. మా రూమ్మేట్ ఓ పొద్దున ముక్కుకి చున్నీ కట్టుకుని, “ఇక నావల్ల కాదు, నువ్వెళ్ళి చెప్పు, నీకు వాళ్ళ భాష వచ్చు” అంది. ఇద్దరం కిందికెళ్ళాం. తను తెలుగులో చెప్పింది, నేను బిసాయాలో చెప్పాను. వాసనకి నాకు అప్పుడు తెలిసిన మాట ‘బాహో’ ఒక్కటే. ఇక్కడ కంపు కొడుతోందనడానికి అదే మాట వాడతారు. సువాసనని ‘హుమోత్’ అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు ఆవిడ వాకిట్లో నిలబడి ఆవిడ తినే తిండిని బాహో అన్న నోరు నాది.

నాది నరసాపురం. మా అమ్మమ్మ ఎండాకాలంలో డాబా మీద సావిడాయలు ఆరబెట్టి, కాకులు రాకుండా నన్ను కర్రతో కూర్చోబెట్టేది. మెత్తళ్ళు నిప్పుల మీద కాలుస్తుంటే వీధి మొదట్లోనే తెలిసిపోయేది, బడి నుంచి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఇంటర్‌కి హైదరాబాద్ హాస్టల్లో వేశాక అమ్మ ఎండురొయ్యల పొడి సీసా పంపింది. వార్డెన్ ఆ సీసాని అందరి ముందూ చెత్తబుట్టలో పడేసింది. గదిలో వాళ్ళు రెండు రోజులు నా మంచం వైపు రాలేదు. ఆ తర్వాత ఎవరడిగినా, “మా ఇంట్లో చికెన్ ఒక్కటే” అనడం మొదలుపెట్టాను. మా రూమ్మేట్‌కీ ఇప్పటిదాకా అదే తెలుసు.

తనని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. వాళ్ళింట్లో గుడ్డు కూడా వండరు. ఆ వాసనకి తనకి నిజంగానే కడుపులో తిప్పుతుంది, నేను కళ్ళారా చూశాను. ఇక్కడ ఉల్లిపాయని ‘బొంబాయ్’ అంటారు, మనవాళ్ళనీ ‘బుంబాయ్’ అనే పిలుస్తారు. మొదటి ఏడాది ఓ రోజు జీప్నీలో, అంటే ఇక్కడి షేర్ బండిలో, తను ఎక్కి కూర్చోగానే పక్కనున్నావిడ ఆ మాట అని ముక్కు మూసుకుంది. ఆ పొద్దున్నే మేం ఇంగువ పోపు పెట్టాం, జుట్టుకి పట్టేసి ఉంటుంది. గదికొచ్చాక తను చాలాసేపు ఏడ్చింది. రెండుసార్లు తలంటుకుంది. ఆ రోజు తన చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనే. మరి డిసెంబర్లో ఆ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ ఎందుకు గుర్తు రాలేదు?

రాత్రి చదివిన పాఠంలోనే ఉంది. చూపు, వినికిడి, స్పర్శ ముందు మెదడు లోపలుండే థాలమస్ అనే భాగానికి చేరి అక్కణ్ణించి కార్టెక్స్‌కి, అంటే మెదడు పైపొరకి వెళతాయి. వాసన ఆ మెట్టు ఎక్కకుండానే భయానికీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలకి సూటిగా చేరిపోతుంది. అందుకే కాబోలు, బులాద్ పొగ తగిలితే నాకు డాబా గుర్తొస్తుంది, తనకి వాంతి వస్తుంది. రెండూ ఆలోచించుకుని చేసేవి కావు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. ఇదే ఊళ్ళో డురియన్ పండుంది. దాని వాసన గోడలు దాటి వస్తుంది. హోటళ్ళలోకి తేవద్దని బొమ్మ గీసి మరీ బోర్డులు పెడతారు. అయినా దవావో పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆ పండే, ఊరికి అదే గర్వం. మా రూమ్మేట్ కూడా మగ్‌సాయ్‌సాయ్ పార్కు దగ్గర దుకాణాల్లో నిలబడి తింటుంది. ఆ ఘాటు గంధకం వల్లనట, 2017లో సింగపూర్ శాస్త్రవేత్తలు దాని జన్యుక్రమం విప్పి చూపించారు. మన ఇంగువ ఘాటు కూడా గంధకందే. డురియన్ ఖరీదైన పండు. ఎండుచేప బీదవాళ్ళ పొద్దుటి కూడు. బోర్డు ఎవరూ పెట్టకపోయినా నానాయ్ తనే దుప్పటి కట్టుకుంది.

“కాఓన్ తా, దాయ్” అంది పీట జరుపుతూ. తిందాం రా తల్లీ అని. కూర్చున్నాను. రాత్రి మిగిలిన అన్నం వెల్లుల్లితో వేయించింది. పక్కన చిన్న గిన్నెలో కొబ్బరి కల్లు పులిసిన సుకా, అంటే వెనిగర్, అందులో చిదిమిన మిరపకాయ. చేప ముంచుకు తినాలి. సముద్రపు చేపలో ఆ నీచువాసన అమీన్లనే రసాయనాలది, పులుపు తగిలితే అవి లవణంగా మారి గాల్లోకి లేవవు. అందుకే వీళ్ళకి సుకా, మనకి చింతపండు. అమ్మమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే పులుసు పెట్టింది.

తర్వాత ఉడికించిన సాబా అరటికాయ ఒలిచి, గినమోస్ అద్ది నా చేతిలో పెట్టింది. చిన్న చేపల్ని ఉప్పులో మురగబెట్టిన ముద్ద అది. చూడ్డానికి బూడిదరంగు బురదలా ఉంటుంది. చప్పటి అరటికాయకి ఆ ఉప్పు తగలగానే నోరంతా నీళ్ళూరింది. మూడు కాయలు తిన్నాను.

“నువ్వు తింటావా ఇవి?” అంది నానాయ్, కళ్ళు పెద్దవి చేసి.

“మా అమ్మమ్మ ఎండబెట్టేది. హుమోత్ కాయో, నానాయ్.” చాలా బాగుంది వాసన అన్నాను. ఆవిడ నవ్వింది. డిసెంబర్ గురించి క్షమించమని అడగాలనుకున్నాను, గొంతు పెగల్లేదు. ఇద్దరం గిన్నెలు కడిగాం. దుప్పటి నేనే తీసి మడతపెట్టాను, వద్దంటున్నా.

వచ్చేటప్పుడు నాలుగు చేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది. అవి ఇప్పుడు నా సొరుగులో ఉన్నాయి, వాసన గదంతా పరుచుకుంది. రూమ్మేట్ స్నేహితురాలింటి నుంచి ఎనిమిదింటికి వస్తానని మెసేజ్ పెట్టింది. ఏడుంపావు అయింది. కిటికీ తియ్యలేదు. తను రాగానే ముందు నరసాపురం గురించి చెప్పాలి, ఆ తర్వాత సీసా గురించి.

చేపలు దేవుడి అలమరకి దూరంగా, నా పుస్తకాల వైపే పెట్టాను. రేపటి నుంచి పొయ్యి ఏడింటికి వెలిగించమని నానాయ్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు. తనతో మాట్లాడాకే చెప్పాలి. ఈసారి ఇద్దరం కలిసి వెళితే బాగుంటుంది.