యెస్ సార్

మొన్న బీరువా సర్దుతుంటే పాత లాంగ్ నోట్‌బుక్ ఒకటి దొరికింది. ముందు పేజీల్లో కార్పొరేట్ అకౌంటింగ్ లెక్కలు, వెనక నుంచి డైరీ. అందులో ఒక రోజుది, పెద్దగా దిద్దకుండా ఇక్కడ పెడుతున్నాను.

27 మే 2021, గురువారం

రోహిణి కార్తె వచ్చి మూడో రోజు. ఐదున్నరకే డాబా కాలడం మొదలైంది. కళ్ళు మండుతున్నాయి. రాత్రి మూడింటి దాకా నిద్ర లేదు.

మా ఊరు నకిరేకల్ దాటాక హైవేకు కొంచెం లోపలికి ఉంటుంది. డాబా మీద పడుకుంటే రోడ్డు కనపడదు, వినపడుతుంది. కరోనాకు మళ్ళీ లాక్‌డౌన్ పెట్టాక లారీల మోత తగ్గి అంబులెన్సుల సైరన్లు మరీ స్పష్టంగా వస్తున్నాయి. విజయవాడ వైపు నుంచి హైదరాబాద్‌కు పోయేవే ఎక్కువ. నిన్న రాత్రి పద్నాలుగు దాకా లెక్కపెట్టాను. ఇక చాలు, పడుకుందాం అనుకున్నాను. పదిహేనోది వచ్చింది. దీన్ని పగలు ఎవరికైనా చెప్తే నవ్వుతారు. నాకే పగలు గుర్తుచేసుకుంటే నవ్వొస్తుంది.

పోయినేడు ఇట్లా లేదు. అప్పుడు మార్చి నుంచి ఇంట్లో ఉన్నా, అష్టా చెమ్మా, కొత్తావకాయ, తమ్ముడితో రిమోట్ కోసం కొట్లాట. ఊరికి రోగం రాలేదు కాబట్టి సెలవుల్లాగే గడిచిపోయింది. ఈసారి మా వాడలోనే ముగ్గురు పోయారు. వాట్సాప్ స్టేటస్‌లు తెరవాలంటే భయం. ఎవరి ఫొటో పెద్దగా, ఒక్కటే కనపడినా ముందు దండ ఉందేమోనని చూస్తున్నాను. నిన్న మా సీనియర్ ఒకామె చీరలో ఫొటో పెడితే గుండె ఝల్లుమంది. తీరా చూస్తే పుట్టినరోజు.

నాయిన వడ్లు కొనే సెంటర్ కాడ రాశి పోసి ఇవ్వాళ్టికి పదకొండు రోజులు. నాలుగెకరాల వడ్లు. ఏ గ్రేడ్‌కు క్వింటాలుకు 1,888 రూపాయలు మద్దతు ధర, కానీ కాంటా అయితే గదా. లారీలు లేవు, మిల్లుల్లో దించే బీహార్ హమాలీలు వాళ్ళ ఊళ్ళకు పోయారు. రాత్రిళ్ళు నాయిన అక్కడే పడుకుంటున్నాడు. పొద్దున సద్ది తీసుకుపోవడం నా పని. పని అనుకుంటారు గానీ నా స్వార్థం వేరే ఉంది: ఇంట్లో నెట్ అందదు, సెంటర్ మిట్ట మీద ఉంది కాబట్టి అక్కడ సిగ్నల్ నాలుగు గీతలు వస్తాయి. నా ఆన్‌లైన్ డిగ్రీ వడ్ల రాశి పక్కన నడుస్తోంది.

బయలుదేరేటప్పుడు అత్త ఫోన్. అమ్మ స్పీకర్ పెట్టింది. "కాలేజీ ఎట్లా లేకపాయె, పిల్లకు సంబంధం చూడరాదు వదినా. ఇప్పుడైతే పెండ్లికి నలభై మందే, కర్సు సుత తక్కువ." అమ్మ నవ్వింది. నేను క్యారియర్ మూత గట్టిగా వేశాను. చేతులు వణికాయి. "ఇంట్ల కూసొని తినేదానికి నీకేం టెన్షనే" అని అమ్మ. తిట్టడానికి అనలేదు, నిజంగానే అడిగింది. ఏం చెప్పాలో నాకే తెలియలేదు.

సెంటర్‌లో రాశి మీది పట్టా అప్పుడే తీశారు. నాయిన దోసెట్లోకి వడ్లు తీసుకుని ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికాడు. టక్ మంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. "ఇయ్యాల అయితది" అన్నాడు. తేమ మిషన్ 17.6 శాతం చూపించింది. 17 దాటితే తీసుకోరు. నాయిన ఏమీ అనలేదు. పార తీసుకుని రాశిని మళ్ళీ నెరపడం మొదలుపెట్టాడు. ఆ మిషన్ చిన్న డబ్బా, గుప్పెడు గింజలు పోసి మూత తిప్పితే అంకె వస్తుంది. మనిషికి కూడా అట్లాంటిది ఉంటే అమ్మకు చూపించేదాన్నని పిచ్చి ఆలోచన వచ్చింది.

పదింటికి లాక్‌డౌన్ సడలింపు అయిపోయి రోడ్డు ఖాళీ అయ్యే సమయానికి నా క్లాసు మొదలు. వేపచెట్టు కింద గన్నీ సంచుల కట్ట మీద కూర్చున్నాను. అరవై మందికి ఇరవై మూడు మంది వచ్చారు, అందరి కెమెరాలూ బంద్. అక్షరాల గుండ్రాలు మాత్రం వరుసగా. ఒకే లైన్ ఆరుసార్లు చదివినా ఎక్కలేదు. ఇంటర్‌లో వందకు తొంభైతొమ్మిది తెచ్చుకున్నది నేనేనా అనిపిస్తోంది. తమ్ముడికైతే పరీక్ష లేకుండానే టెన్త్‌లో పది జీపీఏ వచ్చింది, రాష్ట్రంలో రెండు లక్షల మందికి పైగా వచ్చినట్టే. వాడు సంతోషంగా లేడు. "నేను చదివి రాస్తే కూడా వచ్చేదే కదక్కా" అని రెండుసార్లు అడిగాడు.

సార్ పన్నెండు నిమిషాలు షేర్ల జప్తు గురించి చెప్పి ఆగిపోయాడు. నెట్ పోయిందనుకున్నాను. పోలేదు, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఇంట్లో పెద్దాయన పోయి వారమైందని గ్రూపులో ఎవరో పెట్టారు. "అందరూ బాగున్నారు కదమ్మా?" అన్నాడు.

ఎవరూ మైక్ ఆన్ చేయలేదు. కాసేపటికి చాట్‌లో ఒకటి పడింది: యెస్ సార్. దాని కింద ఇంకొకటి. టపటపా పది పదిహేను, అన్నీ యెస్ సార్. నేను కూడా కొట్టాను. సార్ "గుడ్" అని మళ్ళీ జప్తులోకి పోయాడు.

అప్పుడే నాకొక్కదానికే మెసేజ్. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల, పాలమూరు వైపు. "నిజంగనేనా?" అని అడిగింది. నీలం టిక్కులు పడ్డాయి. జవాబివ్వకుండా ఫోన్ బోర్లా పెట్టాను.

మధ్యాహ్నం గురించి రాయడానికి ఏమీ లేదు. పడుకున్నాను, లేచాను, మళ్ళీ పడుకున్నాను.

సాయంత్రం ఐదింటికి పడమర నల్లబడింది. తమ్ముడూ నేనూ సెంటర్‌కు ఉరికాం. గాలిదుమారంలో అందరూ ఎవరి రాశి వాళ్ళు కప్పుకుంటున్నారు, మాస్కులు మెడలకు జారిపోయాయి. పట్టా ఒక అంచు నేను తొక్కి పట్టుకుంటే నాయిన రాళ్ళు పెట్టుకుంటూ వచ్చాడు. పట్టా గాలికి లేచి నన్ను లాగుతోంది. అరుస్తున్నాను, ఏమని అరిచానో తెలియదు. పది నిమిషాలు నాలుగు పెద్ద చినుకులు పడి, మబ్బు తేలిపోయింది. ఒక్క గింజ తడవలేదు. నెలల తర్వాత నాకు ఆకలేసింది.

రాశి పక్కనే కూర్చుని క్యారియర్‌లో మిగిలిన మామిడికాయ పప్పు ముగ్గురం తిన్నాం. నాయిన నా ముఖం చూసి, "కండ్ల కింద గట్ల నల్లగైనయేంది బిడ్డా?" అన్నాడు.

"నిద్ర పడ్తలేదు నాయినా."

నాలుగు మాటలు చెప్తాడనుకున్నాను. ఫోన్ చూడకు, పొద్దున లెవ్వు, అట్లాంటివి. "నాకు సుత పడ్తలేదు," అన్నాడు. "మబ్బు జూస్తే భయం, ఫోన్ మోగితే భయం. రాత్రి ఆ బండ్లు కూయంగనే లేసి కూసుంట."

"నేను లెక్కబెడ్త" అన్నాను.

"నిన్న ఎన్ని?"

"పదిహేను."

"నేను పదిహేడు అనుకున్న." తమ్ముడు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

రాత్రి పదిన్నర. నాయిన నన్ను వడ్ల కాడ ఉండనివ్వలేదు. ఇంటి డాబా మూలకు, వాటర్ ట్యాంక్ పక్కన, నిలబడితే ఒక గీత వస్తుంది. పక్క మంచానికి జవాబు పెట్టాను: "లేదు." రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది. తనైతే మొన్న కిరణ్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు చేసిందట, 1800-599-0019, తెలుగులో మాట్లాడారట. (ఇది టైప్ చేస్తున్నప్పటికి అందరూ చెప్పేది టెలీ మానస్, 14416.) "ఏం చెప్పిన్రు?" అంటే, "చెప్పుడు తక్కువనే. నేను ఏడుస్తుంటే ఆమె లైన్లనే ఉంది, కట్ చెయ్యలె" అంది. నంబర్ నాయిన టోకెన్ చీటీ వెనక రాసుకున్నాను. చేస్తానో లేదో తెలియదు. పొద్దున చీటీ వాపస్ ఇచ్చే ముందు వేరే దగ్గర ఎక్కించుకోవాలి.

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నది దీని గురించి కాదు. ఈ ఏడు మార్చి 24 నుంచి కాలేజీలు బంద్ అన్నప్పుడు, పది రోజుల్లో వస్తాం కదా అని రెండు జతలతో వచ్చేశాం. బకెట్లు, బుక్కులు, సగం హార్లిక్స్ సీసా, అన్నీ అక్కడే. నా పచ్చ టవల్ మూడో అంతస్తు తీగ మీద ఆరేసి ఉంది.

"ఇంకా ఉంటదంటవా?" అన్నాను.

"క్లిప్పులు పెట్టినవా?"

"ఒక్కటే పెట్టిన."

"అయితే వార్డెన్ మేడమ్ ఇంటి ముందట కాళ్ళు తుడ్సుకునే పట్ట అయ్యుంటది" అంది. గట్టిగా నవ్వాను. కింద నుంచి అమ్మ, "ఎవలే గీ యాళ్ళకు?" అని కేక వేసింది.