పిగ్‌టెయిల్ పెట్టాక గుండె చుట్టూ గాలి: నా అనుభవం

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లలో కొందరికి గుండె పొరలో నీరు చేరుతుంది. శ్రీకాకుళంలో ఐసీయూ నర్సుగా నేను చూసుకున్న ఒక పెద్దాయనకీ అదే. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చూస్తూ రొమ్ము ఎముక కిందనుంచి సూది పెట్టి, తీగ మీదుగా పిగ్‌టెయిల్ (చివర మెలిక తిరిగిన సన్న) గొట్టం దింపి 700 మి.లీ. తీశారు. మొదటిసారే లీటరు దాటనివ్వరు, గుండె కుడి గది ఒక్కసారిగా ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాతి డయాలసిస్ హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) లేకుండా చేశాం, వాచిన పొరలోకి రక్తం కారకూడదని.

రెండో రోజు పొద్దున్న ఎక్స్‌రేలో గుండె అంచు వెంట నల్లటి పట్టీ, అంటే గాలి. పెద్ద రక్తనాళాల మొదలు దగ్గర ఆగింది, మెడవైపు పాకలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి మళ్లీ తీస్తే పట్టీ పైవైపుకి జరిగింది. అంటే ఆ గాలి గుండె పొర లోపలే ఉంది. బయట ఛాతీ మధ్యలో చేరిన గాలి అలా జరగదు. స్టెత్ పెడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా నీళ్లు చిలికినట్టు వినిపించింది. ఎకో ఇక్కడ పెద్దగా పనికిరాదు, గాలి అడ్డొస్తే గుండె సరిగా కనపడదు.

తప్పు త్రీవే (గొట్టానికి తగిలించే మూడు దారుల కుళాయి) దగ్గర దొరికింది. రాత్రి సిరంజి విప్పేముందు పేషెంటు వైపు దారి మూయలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ లోపల ఒత్తిడి తగ్గుతుంది. తెరిచిన దారి ఉంటే గాలిని లాగేసుకుంటుంది. ‘ఆఫ్’ అని రాసున్న పిడి ఎటు తిరిగితే ఆ దారి మూసుకున్నట్టు. చేత్తో తిప్పి వదిలేయకండి, కళ్లతో చూడండి. గొట్టం జారి పక్క రంధ్రం చర్మం బయటికొచ్చినా ఇదే జరుగుతుంది. అందుకే కుట్టు దగ్గర మార్కర్‌తో గీత పెట్టి షిఫ్టుకోసారి చూస్తాం.

“ఏటయ్యిందమ్మా, మళ్లీ సూదా?” అని ఆయన భార్య కంగారుపడింది. సూది అక్కర్లేకపోయింది. బీపీ 130/80, మెడ నరాలు ఉబ్బలేదు. ఆక్సిజన్ పెట్టి పావుగంటకోసారి బీపీ చూశాం. డాక్టరుగారు అప్పటికే పెట్టి ఉన్న గొట్టంలోంచే 20 మి.లీ. సిరంజితో గాలి లాగారు, సిరంజి విప్పిన ప్రతిసారీ ముందు త్రీవే మూసి. బీపీ పడిపోయి, మెడ నరాలు ఉబ్బి, గుండె చప్పుడు సన్నబడితే మాత్రం ఆ గాలే గుండెని నొక్కేస్తున్నట్టు. అప్పుడు ఇంకో ఎక్స్‌రే కోసం ఆగకూడదు, వెంటనే గాలి తీయాలి. వెంటిలేటర్ మీదున్నవాళ్లకైతే ఇది ఇంకా త్వరగా ముదురుతుంది.

రెండు రోజులకి పట్టీ పోయింది. 24 గంటల్లో వచ్చే నీరు 25 మి.లీ. లోపుకి తగ్గాక గొట్టం తీసేశారు.