ప్రతిభ లేని దర్శకుడిపై ఇంత ప్రేమా!

రబ్బరు ఆక్టోపస్‌ను కదిలించే మోటారు లేదు. రాత్రివేళ చల్లని నీళ్ళలోకి దిగిన ముసలి బేలా లుగోసీ దాని చేతులను తానే పట్టి ఊపుకుంటూ, అది తనను చంపేస్తున్నట్టు గింజుకుంటున్నాడు. ఒడ్డున ఉన్న దర్శకుడికి మాత్రం ఆనందం పట్టలేనంతగా ఉంది.

ఈ సాయంత్రం టిమ్ బర్టన్ తీసిన ‘ఎడ్ వుడ్’ (1994)లో ఈ సన్నివేశం చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే కూర్చుండిపోయాను.

ఈ సినిమా కథానాయకుడు ఎడ్ వుడ్ నిజంగా ఉన్న హాలీవుడ్ దర్శకుడే, కానీ ఆయనకు సినిమా తీయడం రాదు. అయినా ‘డ్రాక్యులా’ (1931)తో వెలిగి, తరువాత అందరూ మరచిపోయిన లుగోసీని పిలిచి వేషమిచ్చి, గొప్ప నటుడిగా గౌరవించిన మనిషి ఆయన. 1956లో లుగోసీ కన్నుమూస్తే, అంతకు ముందు తీసిపెట్టుకున్న కొద్దిపాటి దృశ్యాలను ‘ప్లాన్ 9’ అనే తన సినిమాలో వాడుకుని, మిగతా భాగానికి భుజాల మీది పొడవాటి కేప్‌తో ముఖాన్ని కప్పుకున్న మరొకరిని నిలబెట్టాడు. ఆ పనిలో మోసం కన్నా మమకారమే నాకు ఎక్కువగా కనిపించింది.

నిజ జీవితంలో ఎడ్ వుడ్ తాగుడుకు బానిసై, అద్దె ఇల్లు కూడా పోగొట్టుకుని, 1978లో 54 ఏళ్ళకే మరణించాడు. బర్టన్ ఆ చీకటి రోజుల జోలికి పోకుండా, ‘ప్లాన్ 9’ తొలి ప్రదర్శన దగ్గరే కథను ఆపడం నాకెంతో నచ్చింది. లుగోసీగా మార్టిన్ లాండౌకు దక్కిన ఆస్కార్ పూర్తిగా న్యాయమైనదే కానీ, ఎడ్ వుడ్‌గా ప్రతి చెత్త షాటుకూ మనస్ఫూర్తిగా మురిసిపోయే జానీ డెప్‌కు కూడా ఏదో ఒకటి ఇచ్చి ఉండవలసింది.